మోగని ఫోన్

ఆ వారం మెట్ల కింది గదిలో ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. మొదట్లో సిస్టర్ సంతోషించింది. కనీసం టీ చల్లారకుండా తాగగలుగుతున్నానంది. శుక్రవారం వచ్చేసరికి ఆ నిశ్శబ్దం ఆమెకే ఎబ్బెట్టుగా అనిపించి, ఫోన్ చచ్చిందేమోనని తన సెల్ నుంచి దానికి చేసి చూసింది. అది నిక్షేపంగా మోగింది.

ఆస్పత్రిలో ఇదివరకు విరిగిన మంచాలు పడేసుకున్న గది అది. ఇప్పుడు ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక తెర. మూడు దేశాల ఆస్పత్రులు కలిసి చేస్తున్న పరిశోధనకు ఈ ఊళ్ళో ఉన్న ఆఫీసంతా అంతే. గుండె లయ తప్పుతుందని అనుమానమున్నవాళ్ళ ఛాతీ మీద అగ్గిపెట్టెకన్నా చిన్న బిళ్ళ ఒకటి అతికిస్తారు. అది గుండె కొట్టుకునే తీరును పట్టి జేబులోని సెల్‌ఫోన్‌కు అందిస్తుంది. సెల్‌ఫోన్ దాన్ని సముద్రాల అవతల ఒక విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్లకు పంపుతుంది. అక్కడ ప్రమాదమని తేలితే, ఏ ఊరి రోగి అయితే ఆ ఊరి ఆస్పత్రికి కబురొస్తుంది. ఇక్కడైతే మెట్ల కింద ఫోన్ మోగుతుంది. సిస్టర్ వెంటనే రోగికి ఫోన్ చేసి, కూర్చోమనో, ఆస్పత్రికి రమ్మనో చెబుతుంది.

ఈ పనిని ఊళ్ళోకి తెచ్చింది గుండె డాక్టరమ్మ. ఆ విశ్వవిద్యాలయంలోనే కొన్నాళ్ళుండి, అక్కడి ప్రొఫెసర్ దగ్గర పని నేర్చుకొని వచ్చిన మనిషి. పెద్ద డాక్టర్లు పెదవి విరిచినా, చెప్పులరిగేలా తిరిగి అనుమతులు సంపాదించింది. బిళ్ళ అతికించే ప్రతి మనిషికీ ఆమె ఒకే మాట చెప్పేది. మీకు తేడా వస్తే మీకన్నా ముందు మాకే తెలుస్తుంది, మేమే ఫోన్ చేస్తాం, మీరు నిశ్చింతగా ఉండండి.

ఆ శుక్రవారం ఉదయం వార్డు చూసుకొని వచ్చి ఆమె కుర్చీలో కూర్చుందో లేదో, తెర మీద ద్వీపం డాక్టర్ ప్రత్యక్షమయ్యాడు. పరిశోధనలో మూడో భాగస్వామి ఆయన. ఎక్కడో సముద్రం మధ్య చిన్న ఆస్పత్రి. ఆయన మాట్లాడుతుంటే వెనక రేకుల మీద వాన పడుతున్న చప్పుడు ఎప్పుడూ వినిపిస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఎన్నడూ కలుసుకోలేదు. ఇద్దరికీ సొంతం కాని భాషలో మాట్లాడుకుంటారు కనుక పొదుపుగా మాట్లాడుకుంటారు.

కుశలప్రశ్నలు లేవు. మీకు ఈ వారం హెచ్చరికలు వచ్చాయా అని అడిగాడాయన. రాలేదంది. ఆయన, తమ పరిశోధనలో ఉన్న ఒక ముసలామె నిన్న వంటింట్లో పడిపోయి చనిపోయిందని, ఆమె ఛాతీ మీద బిళ్ళ ఉందని, తనకు మాత్రం ఏ కబురూ రాలేదని చెప్పాడు.

డాక్టరమ్మ వెంటనే విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఎత్తింది ప్రోగ్రామర్, ఆ కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే అమ్మాయి. నిద్రమత్తులోనే చూస్తానంది. కీబోర్డు టకటకలు వినిపించాయి. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి.

జరిగింది చాలా చిన్న విషయం. విశ్వవిద్యాలయం ఉన్న దేశంలో ఎండాకాలం వస్తే గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు జరుపుతారు. పోయిన ఆదివారం జరిపారు. ఏ దేశంతో ఎన్ని గంటల తేడా అన్న లెక్క మాత్రం కంప్యూటర్లలో పాతదే ఉండిపోయింది. కంప్యూటర్లకు ఒక నియమం పెట్టి ఉంది: గంట దాటిన పాత హెచ్చరికలతో డాక్టర్లను విసిగించకుండా వాటిని పక్కన పడేయాలి. ముందుకు జరిగిన గడియారం ప్రకారం, మిగతా రెండు దేశాల నుంచి అప్పటికప్పుడు వస్తున్న ప్రతి హెచ్చరికా గంట దాటినదిగానే కనిపించింది. కంప్యూటర్లు అన్నిటినీ పక్కన పడేశాయి. ఆ దేశపు రోగులకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళ సెల్‌ఫోన్లూ గంట ముందుకు జరిగాయి కదా.

ప్రోగ్రామర్ ఏడుపు గొంతుతోనే, పక్కన పడ్డవాటిని తీసి పంపింది. ఈ ఊరివి పదీ పన్నెండు మందివి. సిస్టర్ ఒక ఫోన్ నుంచి, డాక్టరమ్మ ఇంకో ఫోన్ నుంచి వరసగా చేయడం మొదలుపెట్టారు. ఒకాయన తోటలో ఉన్నాడు, బాగానే ఉన్నానన్నాడు. ఒకావిడ రెండు రోజులుగా కళ్ళు తిరుగుతున్నాయని, పిల్లల మీద కేకలేయడం వల్లనుకున్నానని చెప్పింది. ఆమెను వెంటనే బయలుదేరి రమ్మన్నారు. ఒక్కొక్కరే దొరుకుతుంటే కాస్త ఊపిరి తిరుగుతున్నట్టు అనిపించింది. చివరికి ఒక్క మనిషి మిగిలాడు. అందరిలోకీ అతని పరిస్థితే ఎక్కువ ప్రమాదకరంగా ఉంది. నిన్నటి నుంచి అతని గుండె ఉన్నట్టుండి కొన్ని సెకన్లపాటు ఆగి, మళ్ళీ కొట్టుకుంటోంది. ఆగే సమయం పెరుగుతూ వస్తోంది. చివరి కబురు ఆ ఉదయానిదే. ఫోన్ ఎంత చేసినా ఎత్తడం లేదు.

అతను సిటీ బస్సు డ్రైవరు. ఎంత ట్రాఫిక్‌లోనైనా తొందరపడడని డిపోలో అందరూ ‘నిదానం’ అని పిలుస్తారు. ఆ పేరు ఇంట్లోకీ పాకింది. బావమరుదులు కూడా ‘నిదానం బావ’ అనే అంటారు. రెండు నెలల కిందట ఇంట్లో స్నానం చేస్తూ పడిపోయాడు. డిపోలో మాత్రం నడుంనొప్పి అని చెప్పి సెలవు పెట్టాడు. బిళ్ళ అతికించిన రోజే డాక్టరమ్మ బస్సు నడపొద్దని గట్టిగా చెప్పింది. సెలవు అయిపోతే ఆఫీసులో కూర్చునే పని అడుగుతానని మాటిచ్చాడు. నడుస్తుండగా అతని గుండె అప్పుడప్పుడూ తడబడేది కనుక, ఇదివరకు సిస్టర్ రోజు విడిచి రోజు ఫోన్ చేసేది. పలకరించీ పలకరించీ అతన్ని అన్నయ్యా అని పిలవడం అలవాటైపోయింది.

సిస్టర్ అతని ఇంటికి చేసింది. భార్య ఎత్తింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

“ఆయన బండి మీదున్నారండీ” అంది.

“ఏ బండి వదినా?”

“బస్సు. నిన్నటి నుంచి ఎక్కుతున్నారుగా.”

డాక్టరమ్మ ఫోన్ అందుకుంది. “నడపొద్దని చెప్పాను కదమ్మా.”

“మీరూ చెప్పారు, నేనూ చెప్పాను. ఆదివారం నుంచి మీ దగ్గర్నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు, అంటే నాకు నయమైనట్టేగా అన్నారు. తేడా ఉంటే మీరే చేస్తామన్నారట కదండీ.”

డాక్టరమ్మ ఆయన గుండె ఇప్పుడు బాగాలేదని, వెంటనే ఆయన్ని బండి మీంచి దించాలని చెప్పింది. భార్య ఏడవలేదు, కేకలూ వేయలేదు. డిపోకి మాత్రం జబ్బు సంగతి చెప్పొద్దని, చెబితే ఆయన్ని మళ్ళీ ఎప్పటికీ స్టీరింగు ముట్టుకోనివ్వరని, ఆ దిగులుతోనే మనిషి సగమైపోతాడని బతిమాలింది. రోగి సంగతి బయటివాళ్ళకు చెప్పనని డాక్టరమ్మ కూడా సంతకం పెట్టి మాటిచ్చి ఉంది. మరోపక్క ఆ బస్సు నిండా మనుషులు.

అదే సమయంలో ప్రొఫెసర్ నుంచి ఫోన్ వచ్చింది. ప్రోగ్రామర్ ఆయన్ని లేపి చెప్పినట్టుంది. చెడ్డమనిషి కాదు. ఏ చిన్న తప్పునూ కప్పిపుచ్చకూడదని ఆమెకు నేర్పింది ఆయనే. కానీ ఆ తెల్లవారుజామున ఆయన గొంతులో భయం వినిపించింది. ఇప్పుడు ఈ విషయం పొక్కితే మూడు దేశాల్లోనూ జనం బిళ్ళలు పీకి పారేస్తారు, నిజంగా అవసరమున్నవాళ్ళు కూడా పీకేస్తారు, అన్నాడు.

“పరిశోధన కమిటీ కూర్చునేదాకా రోగులకు కారణం చెప్పొద్దు. మామూలు పరీక్ష అని పిలిపించు, చాలు.”

“ముందు మనిషిని దొరకనివ్వండి” అని ఆమె పెట్టేసింది.

డిపో కంట్రోలరుకు చేసి, జబ్బు మాటెత్తకుండా, డ్రైవరుతో అత్యవసరమైన పని ఉంది, బండి ఆపించండి అని అడిగింది. నడిపే డ్రైవరు ఫోన్ ఎత్తకూడదన్నది వాళ్ళ నియమం, చివరి స్టాపు చేరాక కబురందిస్తానన్నాడాయన. ఇంకో డాక్టరైతే ఏమనేదో గానీ, ఆమె ఒక్క క్షణం ఆలోచించి, బండి ఇప్పుడు ఎక్కడుంటుందో అడిగింది. బజారు వైపు వస్తూ ఉంటుంది, ఆ తర్వాత పెద్ద వంతెన ఎక్కుతుంది, అన్నాడు. అయితే వంతెన ఎక్కేలోపు నేను బండిని అందుకోకపోతే మీకు మళ్ళీ ఫోన్ చేస్తాను, అప్పుడు మాత్రం కారణం చెబుతాను, మీరు పోలీసులతోనైనా ఆపించాలి, అంది.

ఆస్పత్రి అంబులెన్సు వేరే కేసు మీద ఉంది. తిరిగి రాగానే బజారుకు పంపమని చెప్పి, ఇద్దరూ సిస్టర్ స్కూటరు ఎక్కారు. గుండెకు షాకిచ్చే పెట్టెను డాక్టరమ్మ ఒళ్ళో పెట్టుకుంది. సిస్టర్ జీవితంలో మొదటిసారి ఎర్రలైటు దాటింది. ట్రాఫిక్ పోలీసు విజిలేస్తే, చేయి పైకెత్తి దండం లాంటిదేదో పెట్టి పోనిచ్చింది.

బజారు స్టాపులో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బస్సు అప్పటికే వచ్చి ఉంది. తలుపులు మూసుకోబోతుంటే సిస్టర్ స్కూటరును అడ్డదిడ్డంగా వదిలేసి, తలుపు మీద అరచేత్తో బాదింది. అద్దంలో ఆమెను చూసి నిదానం తలుపు తెరిచాడు. మొహమంతా నవ్వు.

“ఏంటి చెల్లెమ్మా, నువ్వు కూడా బస్సులెక్కుతావా?”

ఆ తర్వాత ఆమె వెనక పెట్టె పట్టుకుని ఎక్కుతున్న డాక్టరమ్మను చూశాడు. నవ్వు కాస్త తగ్గింది. దొరికిపోయిన పిల్లవాడిలా చూపు రోడ్డు మీదకు తిప్పుకున్నాడు. వెనకనుంచి ఇంకో బస్సు హారన్ కొడుతుంటే బండి కదిలించాడు.

డాక్టరమ్మ జనాన్ని తోసుకుని అతని సీటు వెనక నిలబడింది. అతని మెడ మీద చెమట. నుదుటి పక్కన రంగు తేలిపోయి ఉంది. సాధ్యమైనంత మామూలుగా, బండి పక్కకు తీసి ఆపమంది. ఇక్కడ ఆపే వీల్లేదని, వంతెన దాటగానే స్టాపుందని, అక్కడ దిగి ఎన్ని తిట్లు తిట్టినా పడతానని అతను అన్నాడు. ఎదురుగా వంతెన మొదలు కనిపిస్తోంది. రెండు వైపులా గోడలు, కింద రైలు పట్టాలు.

“వంతెన ఎక్కొద్దు” అంది.

“నాకేం లేదు మేడమ్. ఉంటే మీ ఫోన్ వచ్చేదిగా.”

మామూలు పరీక్ష ఉంది రమ్మంటే అతను నవ్వేస్తాడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. ఆమె వంగి, అతనికే కాదు ముందు సీట్లవాళ్ళకూ వినిపించేలా చెప్పింది.

“ఫోన్ రావలసిందే. నిన్నటి నుంచి నీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. మా కంప్యూటర్ల తప్పు వల్ల ఆ కబురు మాకు అందలేదు. తప్పు మాది. బండి ఆపు.”

ఎప్పుడూ రోగులను మీరు అనే ఆమె అతన్ని నువ్వు అంది. ఇద్దరూ గమనించలేదు. అతని చేతులు స్టీరింగు మీద ఒకసారి బిగుసుకున్నాయి. అద్దంలోంచి వెనక చూశాడు: నిలబడ్డ జనం, సంచులు, ఒడిలో పిల్లతో ఒకామె. ఇండికేటరు వేసి, తన పేరుకు తగ్గట్టు ఏ కుదుపూ లేకుండా బండిని ఎడమకు తీసి, వంతెన గోడ మొదలయ్యే చోట ఆపాడు. ఇంజను ఆపి, చేతి బ్రేకు లాగి, తలుపులు తెరిచాడు. జనం ఏమైంది, ఏమైంది అని గోల మొదలుపెట్టారు. బండి చెడింది, వెనక బస్సు ఎక్కండి అని సిస్టర్ వాళ్ళను దించింది.

నిదానం తనంతట తానే మెట్లు దిగాడు. కాలిబాట అంచున కూర్చుని, మంచినీళ్ళు ఉన్నాయా అని అడిగాడు. సిస్టర్ సీసా మూత తిప్పుతుండగానే పక్కకు ఒరిగిపోయాడు.

డాక్టరమ్మ అతని మెడ మీద వేళ్ళు పెట్టింది. నాడి లేదు. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. సిస్టర్ పెట్టె తెరిచి తీగలు విప్పింది. చుట్టూ మూగిన జనంలో కొందరు సెల్‌ఫోన్లు పైకెత్తారు. ఒక పెద్దావిడ వాళ్ళను కసిరి, తన చీర చెంగు అడ్డం పట్టి నిలబడింది. డాక్టరమ్మకు ఒకవైపు నొక్కుతూనే, ఈ మనిషి లేకపోతే ఆ కుట్టుమిషన్ ముందుకు ఎలా వెళ్ళి నిలబడాలి అన్న ఆలోచన తోసుకొస్తోంది. షాకివ్వాలో లేదో పెట్టె ఇంకా చెప్పకముందే అతని ఛాతీ ఒక్కసారి ఎగిసింది. దగ్గాడు. కళ్ళు తెరిచి, “బండి హ్యాండ్‌బ్రేకు వేశానా?” అని అడిగాడు.

వేశావన్నయ్యా, అంది సిస్టర్. అని, రోడ్డు మీదే కూలబడి ఏడ్చేసింది.

అంబులెన్సు వచ్చింది. దారిలో అతని గుండె ఇంకోసారి ఆగి కొట్టుకుంది. ఆ సాయంత్రమే అతనికి పేస్‌మేకర్ పెట్టారు. భార్య వచ్చి ఐసీయూ అద్దంలోంచి చూసింది. డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టి, గడియారం సంగతి మొదలు అంతా చెప్పింది. భార్య చివరిదాకా విన్నది. “అంటే మీ ఫోన్ని నమ్ముకోకపోతే ఆయన నా మాట వినేవారు” అంది. డాక్టరమ్మ అవునంది.

మర్నాడు ముగ్గురు భాగస్వాములూ తెర మీద కలిశారు. ప్రొఫెసర్ నిద్రలేని మొహంతో ఉన్నాడు. పక్కన ప్రోగ్రామర్. ఆయన ఒక ప్రకటన రాసుకొచ్చాడు. అందులో ‘సాంకేతిక జాప్యం’ అన్న మాట ఉంది. ద్వీపం డాక్టర్ అది విని, జాప్యమంటే ఆలస్యంగానైనా రావడం, మా ముసలామెకు అసలు రాలేదు, అన్నాడు. తాను ఆమె కొడుకు దగ్గరకు వెళ్ళబోతున్నానని, ఏం చెప్పాలో అడగడానికి కాదు, ఏం చెప్పబోతున్నానో తెలియజేయడానికే వచ్చానని అన్నాడు. ప్రొఫెసర్ నీళ్ళు నమిలాడు. మా అమ్మను మీరే చంపారని ఆ కొడుకు అంటే ఏమంటావని అడిగాడు.

“నేను నిన్న బస్సులో అందరి ముందూ చెప్పేశాను” అంది డాక్టరమ్మ. “చెప్పాను కాబట్టే అతను ఆపాడు. మామూలు పరీక్ష అని ఉంటే ఈపాటికి మనం ఇంకో మాట వెతుక్కుంటూ ఉండేవాళ్ళం.”

అప్పటిదాకా నోరు విప్పని ప్రోగ్రామర్, గడియారం మారుతుందని తనకు తెలుసని, ఇక్కడివాళ్ళకు సరిపోతుందో లేదో మాత్రమే పరీక్షించానని, మిగతా రెండు దేశాలు తన తలలోకే రాలేదని చెప్పింది. ప్రొఫెసర్ ఆ అమ్మాయి వంక చాలాసేపు చూశాడు. తర్వాత ప్రకటన రాసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, ఆ పరీక్ష మీద సంతకం పెట్టింది నేనే, అన్నాడు. పరిశోధన ఆపేస్తున్నట్టూ, కారణం ఏమిటో మూడు దేశాల రోగులకూ ఉన్నదున్నట్టు చెప్పబోతున్నట్టూ అక్కడే తేల్చాడు. ద్వీపానికి తనూ వస్తానన్నాడు.

వెళ్ళాడు. ముసలామె కొడుకు మొదటిరోజు తలుపు వేసేశాడట. రెండోరోజు తనే ఆస్పత్రికి వచ్చి, ఫోన్ వచ్చి ఉంటే అమ్మ బతికేదా అని ఒక్కటే అడిగాడట. బతికే అవకాశం ఉండేది, తప్పకుండా బతికేదని మాత్రం చెప్పలేం, అని ద్వీపం డాక్టర్ చెప్పాడట. అది విని కొడుకు వెళ్ళిపోయాడట. ఈ సంగతంతా ఆయనే డాక్టరమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాడు. అప్పటికి వాళ్ళిద్దరి మాటల్లో పొదుపు పోయింది.

పరిశోధన కొన్ని నెలల తర్వాత మళ్ళీ మొదలైంది. ఇప్పుడు హెచ్చరికలను తేల్చే కంప్యూటరు ఏ ఊరిది ఆ ఊళ్ళోనే ఉంటుంది. దూరంగా ఉన్నవి రెండోసారి చూస్తాయి. ఒక రోజంతా ఫోన్ మోగకపోతే, ఎందుకు మోగలేదో సిస్టర్ అవతలివాళ్ళను అడిగి తీరాలి. పాత రోగుల్లో చాలామంది తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

నిదానానికి బస్సు నడిపే వీలు పోయింది. వంతెన దగ్గర జరిగింది ఊరంతా చూసింది కనుక, దాచడానికి ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్యే డిపోకు వెళ్ళి, కొత్త డ్రైవర్లకు నేర్పే పని ఇప్పించింది. మొదటివారం కుర్రాళ్ళు అతని నిదానానికి చాటుగా నవ్వుకున్నారట.

ఒకరోజు డాక్టరమ్మ నిదానం ఇంటికి వెళ్ళింది. మళ్ళీ బిళ్ళ అతికించుకోమని అడగడానికి కాదు. అడిగే మొహం తనకు లేదని ఆమెకు తెలుసు. ఎలా ఉన్నాడో చూద్దామని వెళ్ళింది. భార్య కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, తిరిగి మిషన్ ముందు కూర్చుంది. వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నిదానం వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు.

“ఆవిడ కోపం ఇంకా పోలేదు మేడమ్” అన్నాడు.

“పోవాలనేమీ లేదండీ” అంది డాక్టరమ్మ.

కాసేపు నడిచాక, కొత్తగా చేరేవాళ్ళకు ఇప్పుడేమని చెబుతున్నారని అడిగాడు. బిళ్ళ ఉన్నా సరే, ఒంట్లో తేడా అనిపిస్తే మా ఫోన్ కోసం చూడకుండా రమ్మంటున్నాం, ఒకసారి మా తప్పు వల్ల కబురు అందలేదని కూడా చెబుతున్నాం, అంది. అతను తలూపాడు. ఎవరికి అందలేదో వాళ్ళకు తెలుసా అన్నాడు. మీ పేరు ఎవరికీ చెప్పలేదంది.

“చెప్పండి” అన్నాడు. “డిపోలో ఉంటాను. నమ్మకపోతే వచ్చి అడగమనండి.”